నెల్లూరు నుంచి భైరవకోన దాకా అద్దె ఎలక్ట్రిక్ కారు: పెట్రోలు మనిషికి నా జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మే నెలాఖరులో బెంగళూరు నుంచి రైల్లో నెల్లూరు దిగుతారు. నాలుగు రోజులు కారు అద్దెకు తీసుకుంటారు. మైపాడు, పెంచలకోన చూసుకుని ఉదయగిరిలో మేనత్త గారింట్లో ఒక రాత్రి ఉంటారు. మర్నాడు భైరవకోన మీదుగా ఒంగోలు, అత్తగారింటికి. అక్కడ ఒక రాత్రి ఉండి మళ్లీ నెల్లూరు. అద్దెకిచ్చే ఆయన పెట్రోలు కార్లన్నీ బుక్ అయిపోయాయని, 45 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ కారు ఒకటి ఉందని చెప్పారు. మీరేమో పదకొండేళ్లుగా ఒకే పెట్రోలు కారును చేత్తో తుడిచి, చెవితో విని కాపాడుకుంటున్నవారు. అడిగినవి రెండు. మధ్య దారిలో ఆగిపోతుందా? నడపడంలో నాకు ఆనందం ఉంటుందా?

రెండో దానికే ముందు చెబుతాను. మొదటిది లెక్క, కాగితం మీద తేలిపోతుంది.

నెల్లూరులో 26 ఏళ్లు పెట్రోలు బండ్ల షెడ్డు నడిపాను. మారుతి 800, జెన్, ఎస్టీమ్ కార్బొరేటర్లు విప్పి కడిగి, ఐడ్లింగ్ చెవితో సరిచేసిన చేతులివి. బండి గేటు దగ్గరికి వస్తుండగానే టాపెట్లు వదులయ్యాయా, ప్లగ్ మిస్ కొడుతోందా అని తెలిసేది. ఇంజను శబ్దం నాకు అన్నం పెట్టింది. కాబట్టి మీరు 'శబ్దం లేని కారు కారేనా' అని రాసినప్పుడు ఆ బాధ నాకు తెలుసు. ఎలక్ట్రిక్ కారులో ఆ శబ్దం రాదు. మూడో గేరులో ఇంజను గొంతు మారే చోటు, క్లచ్ వదిలేటప్పుడు కాలి కింద తెలిసే పట్టు, గేరు పడే చిన్న చప్పుడు, ఇవేవీ ఉండవు. ఉంటాయని చెప్పి మిమ్మల్ని ఒప్పించను. వాటిని వెతుక్కుంటూ ఎక్కితే నాలుగు రోజులూ వెలితిగానే గడుస్తాయి.

పోయిన వేసవిలో మా చెల్లెలి కుటుంబం వస్తే నేనూ ఇలాంటి అద్దె కారే తీసుకున్నాను. మొదటి సాయంత్రం మైపాడు వెళ్లాం. ఇందుకూరుపేట దాటాక ఎండ తగ్గిందని అద్దాలు దించాను. రొయ్యల గుంటల్లో ఏరేటర్లు తిరిగే చప్పుడు, సరుగుడు తోటల్లో గాలి హోరు, టైరు కింద ఇసుక నలిగే శబ్దం, అన్నీ విడివిడిగా వినబడ్డాయి. ఆ దారిలో వందలసార్లు వెళ్లాను, సరుగుడు హోరు కారులోంచి వినడం అదే మొదలు. ఇంకో సంగతి. 60 దాటితే ఎడమ వెనక చక్రం వైపు నుంచి సన్నగా ఊళ పెట్టినట్టు ఒక మోత వస్తోంది. వీల్ బేరింగ్. పెట్రోలు కారులో అయితే ఇంజను మోతలో అది ఇంకో వెయ్యి కిలోమీటర్లు దాక్కునేది. మర్నాడు పొద్దున్నే ఓనరుకు చెప్పి మార్పించాం. మీ చెవికి పని పోతుందని దిగులు పడకండి. ఇంజను పక్కకు తప్పుకుంటే బండి మిగతా ఒళ్లంతా వినబడుతుంది.

ఇక కాలు. పికప్ గురించి మీరు వినే ఉంటారు. టాటా నెక్సాన్ ఒకే బాడీతో పెట్రోలు, ఎలక్ట్రిక్ రెండు రకాలుగానూ వస్తుంది కాబట్టి దానితో పోల్చి చెబుతాను. టర్బో పెట్రోలులో టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, 170 న్యూటన్ మీటర్లు, అదీ ఇంజను కొంత తిరిగాక అందుతుంది. 45 బ్యాటరీ ఎలక్ట్రిక్‌లో 215, చక్రం కదిలీ కదలకముందే. మొదటి గంట అది బాగానే ఉంటుంది. కానీ నడపడం ఇష్టమైన మనిషికి అసలు రుచి తొక్కడంలో లేదు, కాలు ఎత్తడంలో ఉంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు కొంచెం ఎత్తితే మోటారే జనరేటరై చక్రాలను పట్టుకుంటుంది, ఆ వేగం కరెంటుగా బ్యాటరీలోకి తిరిగి వెళుతుంది. దీని బలం ఎంత ఉండాలో మెట్లుగా మార్చుకునే ఏర్పాటు చాలా కార్లలో ఉంటుంది. మలుపు ఎంత దూరంలో ఉంది, ముందు ఆటో ఆగుతుందా, స్పీడ్ బ్రేకర్ ఎంత ఎత్తు, ఇవన్నీ చూసి బ్రేకు ముట్టకుండా కచ్చితంగా ఆ చోటికి వేగం దించాలి. కార్బొరేటర్ రోజుల్లో మంచి డ్రైవర్లు గేర్లతో చేసిన పనే ఇది, ఇక్కడ పాదం ఒక్కటే చేస్తుంది. నాకు చేతికి రావడానికి ఒక పూట పట్టింది. వచ్చాక పొదలకూరు నుంచి రాపూరు దాకా నిమ్మతోటల మధ్య మలుపుల్లో బ్రేకు పెడల్ దాదాపు తాకలేదు. అది ఆనందం కాదని నేననలేను.

పెంచలకోనకు మీరెలాగూ పొదలకూరు, రాపూరు మీదుగానే వెళతారు. దర్శనం అయ్యాక ఓపిక ఉంటే రాపూరు నుంచి చిట్వేలి వైపు వెలిగొండల మీదికి ఎక్కే ఘాట్ రోడ్డు పైదాకా వెళ్లి రండి. ఘాట్ అంటే బ్యాటరీ ఖాళీ అయిపోతుందని భయపడతారు, లెక్క చూస్తే అంత లేదు. మనుషులు, సామానుతో కలిపి బండి 1,900 కిలోలు అనుకుంటే, 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి అదనంగా అర యూనిట్ ఖర్చవుతుంది. దిగేటప్పుడు అందులో సగానికి పైగా తిరిగి వస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. బ్యాటరీ నూటికి నూరు నిండి ఉన్నప్పుడు తిరిగి వచ్చే కరెంటు దాచుకోవడానికి చోటు ఉండదు కాబట్టి కాలు ఎత్తితే పట్టే ఆ పట్టు తగ్గిపోతుంది. హోటల్లో ఫుల్ చార్జి పెట్టి బయల్దేరిన మొదటి పది కిలోమీటర్లలో ఇది మీకే తెలుస్తుంది. అక్కడ బ్రేకునే నమ్ముకోండి.

శబ్దం లేకపోవడంలో ఒక చిక్కు కూడా ఉంది. ఆత్మకూరు దాటాక రోడ్డు మీద గొర్రెల మందలు తరచుగా వస్తాయి. కాపరి మందకు ముందు నడుస్తుంటే వెనక కారు వచ్చిందని అతనికి తెలియదు. ఊళ్లలో పిల్లలకు, ముసలివాళ్లకూ అంతే. దూరం నుంచే ఒక్క చిన్న హారన్ కొట్టి, వాళ్లు తిరిగి చూశాకే పక్కనుంచి వెళ్లండి. ఇంజను మోత మన తరఫున చేసే హెచ్చరిక ఇప్పుడు మన బాధ్యత.

ఇప్పుడు లెక్క.

కిలోవాట్ అవర్ అంటే భయపడాల్సిన మాట కాదు, మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. 45 యూనిట్ల బ్యాటరీ. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే శక్తి లెక్కన మీరు తీసుకుంటున్నది 5 లీటర్ల ట్యాంకు ఉన్న కారు. ఆ 5 లీటర్లతోనే అది 300 కిలోమీటర్లు పోతుంది, ఎందుకంటే పెట్రోలు ఇంజను తన శక్తిలో ఎక్కువ భాగాన్ని రేడియేటర్ నుంచి, సైలెన్సర్ నుంచి వేడిగా వదిలేస్తుంది, మోటారు అలా వదలదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ అర్థమవుతాయి. పెట్రోలు కారులో ఎలాగూ ఇంత వృథా ఉంది కాబట్టి మీరు 80లో వెళ్లినా 100లో వెళ్లినా మైలేజీ తేడా పెద్దగా కంటికి ఆనదు. ఇక్కడ వృథా తక్కువ. అందుకే గాలి, వేగం, ఎత్తు, బరువు ఏది మారినా మీటరు మీద వెంటనే కనబడుతుంది.

కాగితం మీద అంకెలు నమ్మకండి. 45 బ్యాటరీ నెక్సాన్‌కు పరీక్షలో వచ్చిన అంకె 489 కిలోమీటర్లు. మీరు 300 అనుకోండి, అందులోనూ 250కి ప్లాన్ చేయండి. నాకు 80 దగ్గర యూనిట్‌కు 7 కిలోమీటర్లు వచ్చింది, 100 దగ్గర ఐదున్నర. నెల్లూరు నుంచి ఒంగోలు హైవే మీద సుమారు 120 కిలోమీటర్లు. 80లో పోతే బ్యాటరీలో 38 శాతం, 100లో పోతే 48 శాతం. 100లో పోతే మిగిలే సమయం 18 నిమిషాలు. ఆ పది శాతాన్ని మామూలు ఇంటి ప్లగ్గుతో నింపాలంటే దాదాపు రెండు గంటలు.

ఏసీ గురించి అందరూ ఎక్కువగా భయపడతారు. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ మీకు కొత్త కాదు, ఏసీ ఆపుకుని కుటుంబాన్ని ఉడికించకండి. ఆగి ఉన్న కారులో ఏసీ గంటకు ఒక యూనిట్, మహా అయితే ఒకటిన్నర తింటుంది. అంటే గంటంతా ట్రాఫిక్‌లో నిలబడినా రెండు మూడు శాతమే.

భయపడాల్సింది పడమటి గాలికి. దీని గురించి ఎక్కడా రాయరు, మన జిల్లాలో బండి నడిపినవాళ్లకే తెలుసు. మే చివరి నుంచి మధ్యాహ్నం పూట పడమటి నుంచి వేడిగాలి కొట్టడం మొదలవుతుంది. మీరు నెల్లూరు నుంచి ఉదయగిరి వైపు వెళ్లడమంటే ఆ గాలికి ఎదురు వెళ్లడం. గాలి 25 వేగంతో వీస్తుంటే, మీరు 80లో వెళ్తున్నా కారుకు తగిలే గాలి 105. గాలి అడ్డు వేగానికి వర్గంలో పెరుగుతుంది, అంటే అడ్డు ఒకటి ఉన్నచోట 1.7 అవుతుంది. నేను నెల్లూరు నుంచి ఉదయగిరికి, సుమారు 100 కిలోమీటర్లు, మధ్యాహ్నం రెండింటికి బయల్దేరితే 38 శాతం ఖర్చయింది. అదే దారిలో రెండ్రోజుల తర్వాత తిరిగి వస్తే 29 శాతం. దిగుడు కొంత కలిసొచ్చింది, మిగిలింది గాలి. కాబట్టి పడమటికి వెళ్లే ప్రయాణాలు పొద్దున తొమ్మిదిన్నర లోపు ముగించుకోండి, లేదా సాయంత్రం నాలుగున్నర తర్వాత పెట్టుకోండి. తూర్పుకు వచ్చేటప్పుడు మధ్యాహ్నం వచ్చినా పర్వాలేదు, గాలే తోస్తుంది.

మీ రూటులో ఇది ఎలా పడుతుందో చూద్దాం. మొదటి రోజు మైపాడు వెళ్లి రావడం 50 కిలోమీటర్లు, అదొక లెక్క కాదు. రాత్రి నెల్లూరులో ఫుల్ చేయండి. హోటల్ బుక్ చేసేటప్పుడే పార్కింగ్‌లో ప్లగ్ ఉందా అని ఫోన్ చేసి అడగండి. రెండో రోజు పెంచలకోన 80, అక్కడి నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి ఇంకో 110. మొత్తం 190కి, సాయంత్రం పూట పడమటి గాలి కొంత కలుపుకుని, 70 శాతం పోతుంది. ఉదయగిరి చేరేసరికి 30 ఉంటుంది. ఘాట్ ఎక్కి వస్తే 20.

మేనత్త గారి ఇల్లే మీ పెట్రోలు బంకు. ఆవిడకు ముందే ఫోన్ చేసి రెండు విషయాలు కనుక్కోండి. కారు నిలిపే చోటికి దగ్గరలో గీజరుకో, మోటారుకో వాడే పెద్ద మూడు పిన్నుల సాకెట్టు, అంటే 16 ఆంపియర్లది ఉందా? ఆ ఇంటికి ఎర్తింగ్ సరిగా ఉందా? ఆ సాకెట్టు నుంచి కారు గంటకు రెండున్నర నుంచి మూడు యూనిట్లు లాగుతుంది. కొంత వేడిగా పోగా రాత్రంతా, పది గంటల్లో, బ్యాటరీలో సగం నిండుతుంది. ఘాట్ ఎక్కి వచ్చిన రోజైతే దర్శనాలు త్వరగా ముగించుకుని ఏడు గంటలకల్లా ప్లగ్ పెట్టాలి.

ఎర్తింగ్ దగ్గర కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే నా ప్రయాణం అక్కడే ఆగబోయింది. మేం దిగిన బంధువుల ఇంట్లో ప్లగ్ పెట్టగానే చార్జరు మీద ఎర్ర దీపం వెలిగింది. చార్జింగ్ ఎక్కలేదు. కేబుల్ పాడైందనుకుని మా బావ కంగారుపడ్డారు. కేబుల్‌కు ఏమీ కాలేదు. ఈ చార్జర్లు ముందు ఎర్తు చూసుకుంటాయి, అది లేకపోతే కరెంటు తీసుకోవు. ఇంటి వెనక ఎర్త్ పిట్, అంటే ఎర్తు తీగ పాతిన గుంట, ఉంది, కానీ మార్చి నుంచి చుక్క నీరు పడక మట్టి పొడిపొడిగా ఎండిపోయింది. ఎండిన మట్టి కరెంటును భూమిలోకి పోనివ్వదు. నాలుగు బిందెల నీళ్లు, కొంచెం ఉప్పు పోసి అరగంట ఆగాం. పచ్చ దీపం వెలిగింది. ఉదయగిరి, సీతారాంపురం, పామూరు, కనిగిరి మెట్ట ప్రాంతాల్లో మే నెలలో ఇది ఎవరింట్లోనైనా జరగవచ్చు. మేనత్త గారిని మీరు రావడానికి రెండ్రోజుల ముందు నుంచే సాయంత్రం ఒక బిందె పోయించమనండి. అసలు పిట్టే లేని ఇల్లయితే నీళ్లతో పనికాదు, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి. ఎర్తు లేకుండా చార్జరును మోసం చేసే ప్లగ్గులు అమ్ముతారు, పొరపాటున కూడా వాడవద్దు. పిల్లలు ఆ కారు తలుపు ముట్టుకుంటారు.

ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా వద్దు. పాత సాకెట్టు అయితే చార్జింగ్ మొదలైన అరగంటకు ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి తీసేంత వేడి ఉంటే ఆపేయండి. కరెంటు తగ్గించుకునే వీలు ఆ కారులో ఉంటే 10 ఆంపియర్లకు తగ్గించి పెట్టుకోండి, నెమ్మదిగానైనా నిండుతుంది. ఇంట్లో ఏసీ, కారు కలిసి ట్రిప్ అవుతుంటే పెద్దవాళ్ల ఏసీకే ముందు అవకాశం ఇవ్వండి.

మూడో రోజు పొద్దున 80 శాతంతో బయల్దేరితే భైరవకోన సుమారు 45 కిలోమీటర్లు, 14 శాతం. కొండను తొలిచి చెక్కిన ఆ ఎనిమిది శివాలయాలను ఎండ ఎక్కకముందే చూడండి, రాతి మీద పొద్దుటి వెలుగులో చెక్కడం బాగా తెలుస్తుంది. కారును నీడలో పెట్టండి. అక్కడి నుంచి పామూరు, కందుకూరు మీదుగా ఒంగోలు 140 చిల్లర. తూర్పు దారి, గాలి వెనక నుంచి, 60, 70 మించి పోలేని రోడ్లు. 41 శాతం వేసుకోండి. ఒంగోలు చేరేసరికి పాతిక మిగులుతుంది. అత్తగారింట్లో రాత్రికి మళ్లీ ప్లగ్. నాలుగో రోజు హైవే మీద 80, 85లో నెల్లూరు. మధ్యలో ఒక్క ఫాస్ట్ చార్జరు కూడా అక్కర్లేదు చూశారా? ఆగిపోతుందా అన్న టెన్షన్ హైవే మీద చార్జర్లు ఎన్ని ఉన్నాయన్న దాన్ని బట్టి పోదు, రాత్రి ఎక్కడ పడుకుంటున్నాం అన్నదాన్ని బట్టి పోతుంది.

ఫాస్ట్ చార్జర్లను నమ్ముకుని నేనొకసారి దెబ్బతిన్నాను. ఒంగోలు పెళ్లికి వెళ్తూ, ముందురోజు చార్జి పెట్టుకోకుండా, కావలి దాటాక ఒక హోటలు ఆవరణలో ఉన్న చార్జరు దగ్గరికి 12 శాతంతో చేరాను. యాప్‌లో ఖాళీ అని చూపిస్తోంది. అక్కడున్నవి రెండు గన్నులు, అంటే కారుకు తగిలించే చార్జింగ్ పిడులు. ఒకటి కారుకు పెట్టినా మెషిన్ ఎత్తుకోలేదు. రెండోదానికి వేరే కారు తగిలించి ఉంది, ఆ ఓనరు భోజనానికి వెళ్లారు. ఆ కారు అప్పటికే 80 దాటింది. 80 దాటాక ఏ బ్యాటరీ అయినా కరెంటును సన్నగా తీసుకుంటుంది, మిగిలిన ఇరవై శాతానికి అంతకుముందు యాభైకి పట్టినంత సేపు పట్టవచ్చు. గంటా నలభై నిమిషాలు మా అమ్మ ఎండలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. అది నాకు ఇప్పటికీ బాధే. అప్పటి నుంచి చార్జరు దగ్గరికి 30 శాతం ఉండగానే వెళతాను, పనిచేయకపోతే ఇంకో చోటికి పోయే శక్తి మిగలాలి. రెండు మూడు కంపెనీల యాప్‌లు ముందే దించుకుని డబ్బు వేసి పెట్టుకుంటాను. నాది 80కి చేరగానే గన్ను తీసి పక్కవాళ్లకు ఇస్తాను. మీరూ అలాగే చేయండి.

కారు చేతికి తీసుకునేటప్పుడు మామూలు గీతలు, సొట్టలతో పాటు కింద వంగి బ్యాటరీ కవరు ఫొటో తీసుకోండి. రాయి తగిలిన దెబ్బ ఉంటే ముందే చూపించండి, ఆ భాగం ఖరీదు ఎక్కువ. ఇంట్లో పెట్టుకునే చార్జింగ్ కేబుల్ ఇస్తారో లేదో అడగండి. ఇవ్వనంటే ఆ కారు మీ రూటుకు పనికిరాదు, వదిలేయండి. కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్టే ఉంటుంది. భైరవకోన దారికి స్టెప్నీ ఉన్న కారే అడగండి. తిరిగి ఇచ్చేటప్పుడు ఎంత శాతం ఉండాలో కాగితం మీద రాయించుకోండి. కొన్ని అద్దె బండ్లకు 80 దగ్గర స్పీడ్ లిమిటర్ ఉంటుంది, ముందే తెలిస్తే ఓవర్‌టేక్ మధ్యలో ఆశ్చర్యపోరు. దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగించవద్దు. నడిపే చక్రాలు నేల మీద తిరిగితే మోటారు కూడా తిరుగుతుంది, బండిని ఎత్తి పెట్టుకుపోయే లారీయే కావాలి.

ఖర్చు మీరు అడగలేదు కాబట్టి ఒక్క మాట. ఇళ్లలో నింపుకుంటే బంధువుల కరెంటు బిల్లు మీ వల్ల పెరుగుతుంది. ఒక రాత్రికి 25 యూనిట్లు చిన్న సంగతి కాదు, వాళ్లు వద్దన్నా లెక్క కట్టి ఇవ్వండి.

చివరగా ఒక జాగ్రత్త. నాలుగు రోజులు కాలు ఎత్తితే ఆగే కారు నడిపి బెంగళూరు వెళ్లి మీ సొంత కారు ఎక్కుతారు. సిగ్నల్ దగ్గర పాదం అలవాటుగా ముందే లేస్తుంది, మీరు అనుకున్నంతగా బండి తగ్గదు. నాకు నెల్లూరు మినీ బైపాస్ మీద అదే జరిగింది, ముందున్న ఆటోకు మూరెడు దూరంలో బ్రేకు పడింది. మొదటి రెండ్రోజులు ముందు బండికి రెట్టింపు దూరం వదలండి.